ఆరంకెలు

బండికి నాలుగు చక్రాలు.
నాలుగూ పదకొండు దినాలుగా నిలబడే ఉండాయి.
తిరిగేది ఒకటే చక్రం,
పర్వీన్ నెట్ సెంటర్లో, కంప్యూటరు నడిమధ్యన,
రూపాయి బిళ్ళంత.
అది తిరగతా ఉంటే నేను చూస్తా ఉండాను.
"సర్వర్ బిజీ అనా" అంటాది ఆ పాప,
ఇంటాయన స్నానానికి పోయినాడని చెప్పినట్టు.

ఎఫ్‌సీ మే నెలాఖరుకు అయిపోయింది.
జూన్ అంటే చిత్తూరులో నెల కాదు, తోతాపురి.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్లు
బైపాసు దాకా నిలబడి చెమటలు కారస్తా ఉంటాయి.
నా బండి మాత్రం రేకుల కింద,
పోయిన ఆయుధపూజ నాటి పసుపుతో.

మొదట పేరు కుదర్లేదు.
ఆర్సీలో దొరస్వామి, ఆధార్లో దొరసామి.
మా నాయన పిలిచింది సామీ అనే.
వ వత్తు ఎవురు పెట్టినారో, ఎవురు పీకినారో
నాకేం తెలుసు?
కిటికీ వెనకాల ఆయన
రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి
"వీళ్ళిద్దరిలో నువ్వెవురు?" అన్నాడు.
నవ్వలేదు. నిజంగానే అడిగినాడు.

బయట చెంగల్రాయులు
ఒళ్ళో స్టేప్లర్ పెట్టుకోని కూర్చోనుంటాడు.
"నాలుగు వేలు ఇయ్యి, ఇద్దర్నీ ఒకడ్ని చేస్తా."
నేను ఇయ్యలేదు. నీతి అని కాదు,
లేక.

అఫిడవిట్టుతో ఆ వత్తు తీరింది.
ఇంగ ఓటీపీ.
అది పోతాది నా పాత నంబరుకు.
రీచార్జి చెయ్యక పోగొట్టుకున్న నంబరు,
కంపెనీవోళ్ళు ఇంకెవురికో ఇచ్చేసినారు.
నంబరు మార్చుకోవాలన్నా
పాత నంబరుకే ఓటీపీ వస్తాదంట.
బీగంచెవి లోపల పెట్టి తలుపు మూసినట్టు.

చేసినాను. నా నంబరుకు నేనే ఫోను.
"ఎవురూ?" ఒక ముసలి గొంతు.
కుప్పం పక్క పల్లె, పేరు వళ్ళెమ్మ.
"అమ్మా, నీ ఫోనుకు ఆరంకెలు వచ్చుంటాయి, చెప్తావా?"
"ఎవురికీ చెప్పొద్దని ఆ ఫోనే
పొద్దన్నుంచి మొత్తుకుంటాది కదా నాయనా."
నిజమే. నేనైనా చెప్పను.
మామిడికాయల బండోడిని తల్లీ, దొంగను కాను అంటే
కొంచేపు ఊపిరి మాత్రం వినబడింది.
"అట్టయితే తోతాపురి కిలో ఎంత మీ కాడ?"
"నాలుగు రూపాయలు. అదీ గేటు లోపలికి పోగలిగితే."
"దొంగోడైతే పది అని చెప్పుండేవాడు" అనింది.
ఆమెకూ పద్దెనిమిది చెట్లుండాయంట.
కోత కూలి గిట్టదని కాయను చెట్టుకే వదిలేసిందంట.

కండ్లద్దాలు వెతుక్కోని, ఒక్కొక్క అంకె
సాలులో విత్తనం వేసినట్టు చెప్పింది.
నాలుగోది ఏడో ఒకటో తేల్చుకోలేక
మనవడు బడి నుంచి వచ్చేదాకా ఉండమనింది.
టైము అయిపోయింది.
మళ్ళా పంపించుకున్నాం. మళ్ళా.
మూడోసారికి పర్వీన్ చప్పట్లు కొట్టింది.

డబ్బు కట్టినాం. బ్యాంకులో పోయింది.
రసీదు రాలేదు. చక్రం వచ్చింది.
"రేపు చూద్దాం అనా" షట్టరు సగం దించతా.
ఫైను మాత్రం దినదినమూ పెరగతా ఉండాది,
దానికి ఏ సర్వరూ అక్కర్లేదు.

రాత్రి తొమ్మిదికి ఫోను మోగింది.
పాత నంబరును నా పేరుతోనే దాచుకోనుండాను కదా,
దొరసామిని దొరసామి పిలస్తా ఉండాడు.
"నాయనా, ఇంకొక ఆరు వచ్చినాయి. చెప్పేదా?"
దేనికో తెలీదు. ఎవురు అడిగినారో తెలీదు.
పది నిమిషాలకు చచ్చిపోయే అంకెలు.
చెప్పమ్మా అన్నాను.
బండి తలుపు మీది దుమ్ములో వేలితో రాసినాను.
"రాసుకున్నావా?"
"రాసుకున్నానమ్మా."
"మీ కాడ వానొచ్చిందా?"
ఇంగా లేదన్నాను.