కింది రెండు వరసలు

మొగల్తూరు రోడ్డు మీద, మేత బస్తాల కొట్టు వెనక
ఏడడుగుల గది. అదే లేబొరేటరీ.
ఒక బ్యూరెట్టు, ఒక బల్ల, ఒక ఫ్యాను,
గోడకి, కాలేజీలో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న ఆవర్తన పట్టిక.
చెదలు తినగా మిగిలిన మూలకాలు.
హైడ్రోజన్ గది సగమే ఉంది.
ఉన్నదే ఒక్క ప్రోటాను, ఒక్క ఎలక్ట్రాను.
దానికి సగం చాల్లే.

తెల్లారకుండానే బుల్లబ్బాయి గారు వచ్చారు
కూల్‌డ్రింకు సీసాలో చెరువుని పోసుకుని.
"రొయ్య పెంకు మెత్తబడిపోతందండి, ఆయ్.
నొక్కితే నానిన అటుకులే."

పది మిల్లీలీటర్లు పిపెట్టుతో తీసి
చిటికెడు రంగుపొడి వేశాను.
నీరు, నేరేడు పండు తిన్న నాలిక.
ఆ రంగు వెనక ఇద్దరున్నారు, మెగ్నీషియం, కాల్షియం.
పట్టికలో ఒకే నిలువు వరస, ఒకరి కింద ఒకరు,
రెండేసి ఎలక్ట్రాన్లు ఊరికే ఇచ్చేసే రకం.

కొళాయి తిప్పాను.
చుక్క. చుక్క.

ఇలాంటి చుక్కలో ఎన్ని నీటి అణువులని
ఇంటర్లో జోగారావు మాస్టారు అడిగితే
పక్కనున్న కరుణకుమారి లక్ష అంది, నేను కోటి అన్నాను.
ఆయన బోర్డు మీద పదిహేడు వేసి
పక్కన ఇరవై సున్నాలు పెట్టి
చేతికంటిన సుద్ద దులుపుకున్నారు.

ఆ రోజే అడిగాను:
"కింద ఆ రెండు వరసలేంటండి,
ఊరవతల, విడిగా?"
ఎవరూ నవ్వలేదు.
ఎవరి పేట ఎక్కడుందో క్లాసంతటికీ తెలుసు.
మాస్టారు కొంచెంసేపు పట్టికనే చూశారు.
"కాగితం వెడల్పు చాలక, అమ్మా.
వాటి చోటు లోపలే. ఇదుగో, బేరియం దాటగానే.
అచ్చేసేవాడి వీలు కోసం కింద పెట్టారు."

ఇంటికెళ్ళి నాయనమ్మకి చెప్పాను.
"అయితే పెద్ద కాగితం కొనాలి గాని," అంది.

ఆవిడకి చదువు రాదు, కొలతలొచ్చు.
నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ,
రెండు తవ్వలు మానిక.
ఇంకోటి కూడా తెలుసు:
కామందు గారింట్లో కుంచాలు రెండు.
అప్పు ధాన్యం ఇచ్చేటప్పుడు ఒకటి,
తిరిగి కొలుచుకునేటప్పుడు ఒకటి.
చూడ్డానికి కవలలు.
ఇచ్చేదాని అడుగున మాత్రం లక్క,
బొటనవేలంత మందం.

చుక్క.
నేరేడు వెలిసి ఊదా అయింది.
ఇంకో సగం చుక్క.
నీలం.

వంగి, కన్నుని నీటి వంపు అడుక్కి సమంగా పెట్టి చదివాను.
పైనుంచి చూస్తే ఒక అంకె, కిందనుంచి చూస్తే ఒక అంకె,
ఎదురుగా నిలబడితేనే నిజం అంకె.
ఇరవై నాలుగు పాయింట్ ఆరు.
అంటే లీటరుకి రెండువేల నాలుగొందల అరవై మిల్లీగ్రాములు.
చెరువుకి ఖనిజాలు కావలసినన్ని ఉన్నాయి.

యజమాని గుమ్మంలోంచే, గొంతు తగ్గించి,
"రెండు తీసి ఒకటి రాయమ్మా.
నాలుగు బస్తాల మినరల్ కదుల్తుంది."

ఒక్క అంకె.
లక్క మందం.

ఉన్నది రాసి బుల్లబ్బాయి గారి చేతికిచ్చాను.
"లోపం నీళ్ళల్లో లేదండి. అడుగు మట్టి తెండి, చూద్దాం."
ఆయన కాగితం తిరగేసి చూశారు,
వెనక ఇంకేమైనా రాసుందేమోనని.

యజమాని మాట్లాడకుండా క్యాలిక్యులేటరు నొక్కుతున్నాడు.
రేపు ఈ గది తాళం నా దగ్గరుంటుందో లేదో.
బ్యూరెట్టు మూడుసార్లు కడిగి
తలకిందులుగా స్టాండుకి బిగించాను.

పట్టిక కింది అంచు ఊడి, ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది,
సరిగ్గా ఆ రెండు వరసలున్న చోటే.
మేత బస్తా మీది జిగురు పట్టీ చింపి
నొక్కి అంటించాను,
పెద్ద కాగితం దొరికేదాకా.