గోడలకు గుద్దుకునే ఉద్యోగం

ఔలులో డిసెంబరు. రెండింటికే చీకటి.
నా పని రోజంతా గోడలకు గుద్దుకోవడం.
బొమ్మమనిషి ఎక్కడైనా రాతిలోంచి దూరిపోతే
రాసిపెట్టుకోవడం.
నాలుగొందల మందిమి. మంచులో అడుగుజాడ
మెల్లగా పూడేందుకే ఇద్దరు మూడేళ్లు చెమటోడ్చారు.
వాళ్లలో వెయికో ఒకడు.

తూలిక్కి వంటింట్లో ఒక్కతే చేసిన ఆటలో
మంచే కనబడదు.
నల్లటి తెర. కాలికింద కరకర.
చప్పుడు మారిందా, సరస్సు మీద గడ్డ పలచబడినట్టు.
మూడుసార్లు మునిగాను.
నాలుగోసారి ఊపిరి బిగబట్టి దాటాను,
కుర్చీలో కూర్చునే.

మరుసటేడు మా పెద్దాటలోకి
ఒక చీకటి సరస్సు వచ్చి చేరింది.
ఎవరి ఆలోచనో ఎవరూ అడగలేదు.

ఉడికిపోతూ ఆమె దగ్గరికి వెళ్లాను.
కాఫీ పోసి నవ్వింది.
"ఆ కరకర వెయికోది.
అడుగు బరువు లెక్కగట్టే నాలుగు వరుసలు
ఉద్యోగం పోయేముందు
అడిగి మరీ అందరికీ వదిలేసి వెళ్లాడు.
పేరైనా రాసుకోలేదు."

ఇప్పుడు బస్సు నడుపుతున్నాడట, ఎనిమిదో నంబరు.
ఎక్కాను. పలకరించలేదు.
వంతెన మలుపులో, చక్రం జారకముందే,
చెవి రిక్కించి
వేగం తగ్గించాడు.