చీపురు కుర్రాడి వాఙ్మూలం

నా పేరు ఏ పట్టికలోనూ లేదు, వెతక్కండి.
డులూత్ స్కేటింగ్ మైదానంలో
పూటకు ముప్పై సెంట్లకు చీపురు పట్టినవాణ్ణి.
ఒకరు గీసి వెళ్ళాక
మరొకరు గీసేలోపు
మంచును మళ్ళీ ఏమీ తెలియనిదాన్ని చెయ్యడం నా పని.

రాగ్నా ఫోస్‌ను మొదట చూసింది
పోటీలో కాదు, సరస్సు మీద.
వాళ్ళ నాన్న మంచు కోతగాడు.
జనవరిలో గుర్రాన్ని పూన్చి, రంపం పట్టి
సరస్సును పలకలు పలకలుగా కోసి
చెక్కపొట్టులో పాతిపెట్టి
ఆగస్టులో హోటళ్ళకు అమ్మేవాడు.
ఆయన కోసిన చోట నల్లటి నీళ్ళు,
కొయ్యబోయే చోట ఆ పిల్ల.
రెండింటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో
ఆమె కాళ్ళకు చిన్నప్పుడే తెలుసు.
అన్న పాత బూట్లు, ముందు ఉన్ని కుక్కి,
తోలు పట్టీలతో బిగించిన ఇనుము.

పోటీ అంటే ఎగరడం అనుకునేరు.
ఆ రోజుల్లో పోటీ అంటే రాత.
ఎనిమిది అంకె.
ఒక కాలి మీద ఒక సున్నా,
రెండో కాలి మీద ఇంకో సున్నా,
నడుం దగ్గర రెండూ కలవాలి.
మూడుసార్లు, గీత మీద గీత.
తర్వాత ముగ్గురు తీర్పరులు
గడ్డాల మీద ఊపిరి గడ్డకట్టగా
లాంతరు పట్టుకుని మోకాళ్ళ మీద వంగేవారు.

కత్తికి రెండు అంచులు.
ఒక్క అంచు ఆనితే ఒక్క గీత.
రెండూ ఆనితే జంట గీత,
అంటే అక్కడ కాలు తడబడిందని.
మనిషి దాచినా మంచు చెప్పేస్తుంది.

పంతొమ్మిది వందల పదహారు, ఫిబ్రవరి.
రాగ్నా గీసి పక్కకు తప్పుకుంది.
లాంతరు చుట్టూ తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది.
పెద్ద తీర్పరి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
మూడుసార్లు నడిచిన కత్తికి
ఒక్కటే గీత,
తల వెంట్రుక రాలిపడినట్టు.

“ఊడ్చెయ్” అన్నారు.
నేను ఊడ్చలేదు.
ధైర్యం కాదు. చెయ్యి రాలేదు, అంతే.
చుట్టూ ఊడ్చి దాన్ని వదిలేశాను,
నిద్రపోతున్న కుక్క చుట్టూ ఇల్లు ఊడ్చినట్టు.
తర్వాతి అమ్మాయి, సెయింట్ పాల్ బ్యాంకరు కూతురు,
ఫిర్యాదు చేసింది. ఆమె మాట న్యాయమే.
నాకు యాభై సెంట్లు జరిమానా వేసి
పక్కనే నిలబడి ఊడ్పించారు.
రెండు విసుర్లు పట్టింది.
కాస్త తెల్లటి పొడి.

మధ్యాహ్నం బ్యాండు వాల్ట్జ్ మొదలెట్టాక
రాగ్నా ఎగిరింది.
జానెడు ఎత్తు, మహా అయితే.
లంగా అంచు పిక్కల దాకా లేచి దిగింది.
గ్యాలరీలో ఎవరిదో టీ కప్పు జారింది.
‘స్త్రీకి తగని పని’ అని రాసుకున్నారు,
కాగితం మీద, సిరాతో.
ఎనిమిది అంకె పోయింది. ఆ వాక్యం ఉండిపోయింది.
మూడో స్థానం.

మరుసటేడు యుద్ధం, పోటీలు ఆగాయి.
ఆమె పిండిమిల్లులో గోనెసంచులు కుట్టింది.
ఇరవై తొమ్మిదో ఏట మళ్ళీ రైలెక్కి
కోటు లోపల వార్తాపత్రికలు చుట్టుకుని
ఫిలడెల్ఫియా వెళ్ళింది.
అప్పటికి ఎగరడం అందరికీ తగిన పనైపోయింది.
పదహారేళ్ళ పిల్లలు నడుము ఎత్తు లేస్తున్నారు.
ఆరో స్థానం. పత్రికలో పేరు కూడా
‘రేనా ఫాస్’ అని పడింది.
ఆ తర్వాత ముప్పై శీతాకాలాలు
పిల్లల కత్తులకు సానపడుతూ
మోకాళ్ళ నొప్పిని నార్వే భాషలో తిట్టుకుంటూ గడిపింది.

నీటి మీద రాత అంటారు లోకంలో.
మంచు మీద రాత దానికి అక్కగారు,
ఓ పూట ముందు పుట్టింది, అంతే.

ఆ పదహారో సంవత్సరం సాయంత్రం మాత్రం చెప్పాలి.
బూట్లు విప్పుకునే చెక్కగదిలోంచి నన్ను పిలిచింది.
అరడాలరు నాణెం నా అరచేతిలో పెట్టింది.
నేను ఏదో అనబోయాను, అందంగా ఉందనో ఏమో.
“రెండో సున్నా వెడల్పైంది,
ఓ గోరంత.
వాళ్ళు చూడలేదు, నువ్వూ చూడలేదు” అని
పట్టీ ముడి విప్పుకోవడంలో పడిపోయింది.

ఆ డబ్బులో ఐదు సెంట్లకు వేరుశనగలు కొన్నాను.
ఇంటిదాకా ఒలుచుకుంటూ నడిచాను.
మంచు మీద వెనకే పొట్టు పడుతూ వచ్చింది.
ఎవరూ ఊడ్చలేదు.