చెవిరాళ్లు

చేపకు చెవిలో ఒక రాయి ఉంటుంది,
మెంతిగింజంత.
దాన్ని పలచగా అరగదీసి దీపం మీద పెడితే
ఏడాదికొక గీత చొప్పున
అది బతికిన చలికాలాలన్నీ బయటపడతాయి.

పీప్సీ సరస్సు ఒడ్డున, పసుపురంగు చెక్క భవనంలో
నేను గాజుపలకలు కడిగేదాన్ని.
గీతలు లెక్కపెట్టేది ఉర్వె.
పంతొమ్మిదేళ్లు, ఒకే కుర్చీ, ఒకే మైక్రోస్కోపు.
కుడికంటి కింద దాని అచ్చు పడిపోయింది.
సరస్సులో చేపలు మునుపటిలా ఎదగడం లేదని
ఆమె రాసిన వ్యాసం మీద ఎందరో మేడలు కట్టారు.
వల కన్ను ఎంత వెడల్పుండాలో కూడా
దాన్ని చూసే తేల్చారు.

ఆ మార్చిలో టావెట్ వచ్చాడు,
చంకలో నల్లరొట్టె, చేతిలో నల్లటేపు.
చీటీలన్నిటి మీదా టేపు అంటించి
అవే రాళ్లు మళ్లీ లెక్కపెట్టాడు.
పదింట నాలుగు కలవలేదు.

ఉర్వె ఆరోజు ఎవరితోనూ మాట్లాడలేదు.
నా మీద మాత్రం అరిచింది, పలకల మీద మరకలున్నాయని.
లేవు. నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

సరస్సు మీద మంచు పెళపెళ విరుగుతున్న రాత్రి
గదిలో వెలుగు చూసి వెళ్లాను.
తన రాళ్లకు తానే టేపు వేసుకుని
కళ్లు నులుముకుంటూ లెక్కపెడుతోంది.
"లైడా, ఏ ఏటి చేపో ముందే తెలిస్తే
నాకు కావలసిన గీత
నాకు కనిపించేది," అంది.

అబద్ధం కాదు. అదే భయం.
అబద్ధమైతే ఎక్కడో ఓచోట దొరికిపోతుంది,
ఇది ఆమె కంట్లోనే కాపురముంది.

వ్యాసం వెనక్కి తీసుకుంటూ రాసిన ఉత్తరం పదకొండు వాక్యాలు.
ఏ డబ్బా, ఏ రాయి, ఎక్కడ తప్పింది.
క్షమాపణ అనే మాట ఎక్కడా లేదు.
సొరుగు తాళంచెవి మాత్రం
అందరికీ అందేలా గోడమేకుకు తగిలించింది.

నిజమంటే ఏమిటో నాకు చెప్పడం రాదు.
ఆ మేకు చూపించగలను.

చీకటి పడని జూన్ రాత్రుల్లో
టావెట్ తన డబ్బా ఆమె ముందుకు నెట్టాడు.
"ఇప్పుడు నావి."
రెండువందల పన్నెండో రాయి దగ్గర
ఆమె ఏడంది, అతను ఎనిమిదన్నాడు.
కాఫీ చల్లారింది, మళ్లీ పెట్టాను, మళ్లీ చల్లారింది.
చివరికి నోటుబుక్కులో ఏడూ రాశారు, ఎనిమిదీ రాశారు,
పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం.

అది ఇంకా అలాగే ఉంది.
ఆ పలక కడిగింది నేనే.
మరకల్లేవు.