టేపు కొస

చిలీ పటంలో వెతక్కమ్మా,
మా రేవుకు అందులో చుక్క పెట్టలేదెవరూ.
టేపు కొస పట్టుకోమన్నావు, పట్టుకున్నాను.
నువ్వు నీళ్ల అంచున మోకాళ్ల మీద కూచుని
బండ మీది తెల్లగీత దాకా లెక్కపెడుతున్నావు.

సున్నం కొట్టినట్టున్న ఆ గీత
మొన్న ఫిబ్రవరి దాకా గులాబీ రంగు, నీళ్ల కింద.
ఎండ తగిలి చచ్చి తెల్లబడిందని
నువ్వు చెప్పక్కర్లేదు.
నలభై రోజులు ఆ వాసనతోనే రొట్టె తిన్నాం.

ఒక మీటరు ఎనభై, అని రాసుకున్నావు.
నా లెక్కలో అయితే
టోపీ పెట్టుకున్న మా ఆయనంత.

ఆ రాత్రి ముందు గిన్నెలు మాట్లాడాయి.
తర్వాత కుక్కలు. తర్వాత కొండ.
నిలబడ్డవాళ్లం నిలబడ్డట్టే కూలబడ్డాం,
పిల్లల్ని పాకించుకుంటూ గుమ్మం దాటాం.
మా మపూచే ముసలమ్మలు చెప్పేవాళ్లు:
సముద్రప్పాము నీళ్లను లేపుతుంది,
నేలపాము కొండను లేపుతుంది,
పంతం తీరేదాకా రెండూ తగ్గవు,
కొండ సూర్యుడికి తగిలేంత లేస్తే
మాడు మాడిపోకుండా
నెత్తిన కొయ్యగిన్నె బోర్లించుకోవాలని.
తెల్లారి చూసుకుంటే
నా నెత్తిన సూపు గిన్నె ఉంది.
ఎప్పుడు పెట్టుకున్నానో.
ఎవరూ నవ్వలేదు.

మొదటి అల చీలమండ దాకానే.
ఇంతేనా అనుకున్నాడు ఫిదేల్ లింకోపాన్,
పడవ మోటారు కోసం కొండ దిగాడు.
కొత్తది. ఇంకా తొమ్మిది వాయిదాలు.
మూడో అల అతని కోసమే వచ్చినట్టు వచ్చింది.
మోటారు దొరికింది.
వాయిదాల కాగితం అతని భార్య పేరుకు మారింది.

నువ్వు పాముల మాట కొట్టెయ్యలేదు. మంచిదానివి.
బల్ల మీద రెండు చేతులూ పెట్టి చూపించావు:
సముద్రం అడుగు పలక మా కిందికి దూరుతుందట,
ఏడాదికి నాలుగు వేళ్ల వెడల్పు.
దూరే దారిలో ఎక్కడో గరుకు దగ్గర పట్టేస్తుందట.
పట్టేసినా ఆగదు,
మా తీరపు అంచును పట్టుకుని కిందికి వంచుతూ పోతుంది
నూరేళ్లు, ఆపైన కూడా.
అప్పిచ్చినవాడు అడక్కుండా ఊరుకున్నట్టు.
వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.
ఒక రాత్రి పట్టు జారుతుంది,
అసలూ వడ్డీ మూడు నిమిషాల్లో.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.
మా అమ్మమ్మ నాచు ఆరేసే గుంజల్ని
పదేళ్లకోసారి పీకి వెనక్కి పాతేది.
సముద్రానికి ఆశ ఎక్కువైందని తిట్టేది.
పాపం, సముద్రం ఉన్నచోటే ఉంది.
కుంగుతున్నది మేం.
కుంగుతున్న నేల మీదే పెళ్లాడాం, కన్నాం,
చర్చి తలుపుకు నీలం రంగు వేశాం.

అంచు లేవబట్టే మీ ఊరు మిగిలింది అన్నావు,
లేకపోతే మూడో అల బడి దాకా వచ్చేదని.
సరే, మిగిలాం.
మిగిలి చూస్తే రేవు లేదు.
పడవలు ఇసక మీద పక్కకి ఒరిగి, వట్టిపోయిన ఆవుల్లా.
ఆల్చిప్పలు నోళ్లు తెరుచుకుని బండలకే ఎండాయి.
కొచాయుయో, మా తోలునాచు,
పదకొండో ఏట నుంచి నేను కోసింది,
వేళ్లతో సహా ఊడి కుప్పలైంది.
బతికించిన చెయ్యే కంచం లాగేసుకుంది.
దేనికి దణ్ణం పెట్టాలో నువ్వే చెప్పు.

మా ఆయన ఇప్పుడు పైన్ తోటల్లో దుంగలు కోస్తాడు.
సాయంత్రం జిగురు వాసనతో వస్తాడు.
పక్కన పడుకుంటే ఎవరో పరాయివాడు.

మళ్లీ పట్టేస్తుంది, మళ్లీ వంగుతుంది అంటున్నావు.
ఎప్పటికి జారుతుంది?
తెలియదన్నావు.
ఆ మాట అన్నావు గనకే టేపు వదల్లేదు.

ఇంకొకటి. నిన్న పోటు తగ్గాక
కింది బండ మీద, ఇంకా తడుస్తున్న చోట,
వేలెడు కొచాయుయో మొలక చూశాను.
తాకలేదు.
నీ పుస్తకంలో రాయకు.
మా ఆయన చెవిన పడిందంటే
మోటారు కొనేస్తాడు, వాయిదాల మీద.