దులంసురెన్ బొటనవేలి గోరు

నర్సరీలో చేరిన మొదటి రోజు
నా చేతిలోని నీళ్ల డబ్బా లాక్కుంది దులంసురెన్.
"ఈ వరసకి చుక్క పోశావో, ఉద్యోగం ఊడుతుంది."
మూడు వందల మొక్కలు
ఉలాన్‌బాతర్ ఊరి చివర, కంచెకి అవతల,
గాలికి అడ్డమే లేని చోట.
చావడానికే నాటినట్టు.

జనవరిలో ఒక రాత్రి
థర్మామీటరులో పాదరసం గడ్డకట్టింది.
కొండవాలు గుడారాల పేట నుంచి బొగ్గుపొగ దిగి
ఆ కొమ్మల మీదే ఆరేసిన మసిగుడ్డయింది.
అదీ చాలదని
రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు
బస్తాడు తెచ్చి, మొదలు మొదలుకీ గుప్పెడు వేసింది
కూరలో వేసినంత శ్రద్ధగా.

మే నెలలో ఆమె వెనకాలే నడిచాను.
బొటనవేలి గోటితో బెరడు గీరుతుంది.
గోధుమరంగు కనిపిస్తే ఒకటే మాట, "పీకెయ్."
సన్నటి ఆకుపచ్చ దారం కనిపిస్తే
మాటే లేదు, పక్క మొక్క.
గొడ్డలి అక్కర్లేకుండా గోరు తేల్చింది:
మూడు వందల్లో నలభై ఒకటి.
మా గోబీ వైపు హైలాస్,
పైకి ఎండుపుల్ల, లోపల మొండిఘటం.
ముళ్ల హర్గన. పుల్లటి పళ్ల చత్సర్గాన.
పోప్లార్లలో ఒకే ఒక్కటి,
దాని గింజ ఎక్కడిదో రిజిస్టరులో కూడా లేదు.

జూన్‌లో మునిసిపాలిటీ నుంచి యొందొన్ గారు వచ్చారు.
మెరిసే కాగితాల పుస్తకం విప్పి
ఏ దేశానిదో ఒక వీధి చూపించారు.
రెండు వైపులా గులాబీరంగు పూత,
కింద తెల్ల బెంచీ, బెంచీ మీద నవ్వుతూ ఎవరో.
"పెద్ద వీధికి ఇవి వేద్దాం."
దులంసురెన్ ఉప్పు కలిపిన పాలటీ ఆయన ముందు పెట్టింది.
"బస్సు కోసం నిలబడ్డ తాగుబోతు దీనికి జేరబడితే?
పిల్లలు కొమ్మ విరిచి కత్తియుద్ధం ఆడితే?
ట్యాంకరు డ్రైవరు నాదమ్ పండక్కి పోయి
పది రోజులు రాకపోతే?
తారు కింద దీని వేరు
ఎవర్ని అడిగి ఊపిరి పీలుస్తుంది?"
ఆయన పుస్తకం మూశారు.
టీ మాత్రం అడుగంటా తాగారు.

కొన్నేళ్లకి ఆ నలభై ఒకటి గింజలూ కత్తిరింపులూ
పన్నెండో నంబరు బస్సు దారంతా నిలబడ్డాయి.
వాటి పక్కన ఎవరూ ఫోటో దిగరు.
చిన్న ఆకులు, చిరుగుల దుప్పటి లాంటి నీడ.
ఆ చిరుగుల వెంటే
బూట్లు కుట్టే ముసలాయన
మధ్యాహ్నమంతా తన పెట్టె జరుపుకుంటూ ఉంటాడు.

ఇక్కడితో ఆపేస్తే ఆమె మెచ్చుకునేది.
కానీ పోయిన మే నెలలో చెల్లెలికి కాన్పయింది.
ప్రసూతి ఆసుపత్రి వెనక
వేడినీళ్ల గొట్టం మలుపు తిరిగే చోట
యొందొన్ గారి పుస్తకంలోని చెట్టు.
అచ్చం అదే గులాబీరంగు.
మూడో అంతస్తు కిటికీల నిండా
దువ్వుకోని జుట్టుతో ఆడవాళ్లు, చంకల్లో మూటలు.
చెట్టు మొదట్లో, చలికాలం విప్పేసిన ఉన్ని ఫెల్టు
మడతపెట్టి తాడుతో కట్టి ఉంది.
ఎడమచేతి వాళ్లు వేసే ముడి.
బెరడంతా తడిమి చూశాను,
ఒక్క గోటి గీత లేదు.

మర్నాడు ఎలా అడగాలో తేల్చుకోకముందే
"వరసకి నీళ్లు పోశావా?" అంది.
లేదన్నాను.
ఎడమచేత్తో రిజిస్టరులో ఏదో రాసుకుంటూ
తలెత్తకుండానే అంది:
"మీ ఊరెళ్తే రెండు గజాలు ఫెల్టు పట్రా.
కొమ్మలు సాగాయి, పాతది చుట్టూ రావడం లేదు.
తెల్లది వద్దు,
మసి కనిపిస్తుంది."