గోడెక్కితే రెండు గీతలు

బల్ల మీద తొమ్మిది ఫోన్లు.
అన్నిటిదీ ఒకే నలుపు, ఒకే రబ్బరు తొడుగు,
పేడలో పడినా పనిచేస్తాయని అమ్మినవాడి హామీ.
వెనక తెల్ల టేపు అంటించి పేర్లు రాస్తున్నాను:
ఎర్మీనియు. వలెంతీం. జసింతు.
నాలుగో పేరు దగ్గర కలం ఆరిపోయింది.

సోమవారం నుంచి ఈ పాలయంత్రాల రిపేరు కంపెనీకి
ఆఫీసు ఉండదు.
అంటే ఉంటుంది, వేలష్ రేవు పక్కన, ఇదే నీలం తలుపు,
లోపల మనుషులుండరు.
పని వ్యాను నుంచి వ్యానుకి నడుస్తుందట.
యజమాని మాట అది. ఆయన మాటలకు స్లైడ్లుంటాయి.

ఇరవై ఆరేళ్లుగా ఈ గదికి గొంతు దియొలిండా.
పొదుగు నిండిన ఆవు అరుస్తుంటే
రైతు చేసే ఫోను నేరుగా ఆమె చెవిలోకే.
పంపు ఆగిందా, గొట్టం చిట్లిందా
వాడు తిట్టే తిట్టును బట్టి చెప్పేస్తుంది.
ఎవరి వ్యాను ఏ కొండ మీదుందో
గడియారం చూసి చెబుతుంది.

నేను వచ్చింది ఆమెను యాప్‌లో పెట్టడానికి.
ఇంత మొరటుగా ఎవరూ అనలేదు.
ఒప్పందంలో సమాచార వ్యవస్థ బదిలీ అని ఉంది.

పెట్టె తెరిస్తే పుట్టెడు వైర్లు. సర్ది,
ద్వీపం పటం తెర మీద పరిచాను.
ఎండబెట్టిన చేపలా సన్నగా, పొడుగ్గా ఉంది.
టవర్ల వాళ్లు పూసిన ఊదారంగు
తల నుంచి తోక దాకా ఎక్కడా ఖాళీ లేదు.
దియొలిండా కళ్లజోడు పైకి జరిపింది.
"అబద్ధం" అంది.
అంతే అని సొరుగు లాగింది.

జున్ను ఫ్యాక్టరీ వాళ్లు ఉచితంగా పంచిన నోటుబుక్కు.
అంచులు ఉబ్బి, అట్ట ఊడి.
లోపల ఆమె గుండ్రటి రాత:

నోర్తె గ్రాందె దారిలో మూడో మలుపు దాటితే మాట తెగుతుంది.
కొండ కిందికి దిగితే ఏమీ లేదు, సముద్రం తప్ప.
అనస్తాసియు పాక వెనక రాతిగోడ ఎక్కితే రెండు గీతలు.
పడమటిగాలి వీస్తే ఒకటి.
పొగమంచు రోజున చర్చి పక్క కాఫీకొట్టుకి చెయ్యి, కబురందుతుంది.
వలెంతీంకి ఎడమ చెవి వినపడదు. ఒప్పుకోడు. రెండుసార్లు చెప్పు.
జసింతు భార్య ఫిబ్రవరిలో పోయింది.
పొద్దున మొదటి పిలుపు అతనికే ఇవ్వు. ఇంట్లో ఉండనివ్వకు.

నా ప్రోగ్రాములో దూరం ఉంది,
దగ్గరున్నవాడికే పని వెళ్తుంది.
దగ్గర అంటే ఏమిటో
ఆ రాత్రి మళ్లీ రాయాల్సొచ్చింది.

సిగ్నల్ లేకపోతే సందేశం ఫోనులోనే ఆగి
దొరకగానే దానంతటదే వెళ్తుందని వివరించాను.
కొంచెం గర్వంగానే.
"మంచిదే. పొదుగు ఆగుతుందా మరి?" అంది.

నేను ఆవు పొదుగును ముట్టుకున్నది మర్నాడే.
శనివారం, పరీక్ష కోసం, ఎర్మీనియు వ్యానులో.
హోర్టెన్సియా కంచెల మధ్య దారి, నీలంగా, తడిగా.
నా చెయ్యి పట్టి పొదుగు మీద ఉంచాడు.
రాయిలా ఉంది, వేడి రాయిలా.
ఆవు నా వంక చూసింది, ఆలస్యం నాదేనన్నట్టు.

మోటారు బెల్టు తెగింది. విడిభాగం వేరే వ్యానులో ఉంది.
కొత్త ఫోను మీద గీత లేదు.
ఎర్మీనియు నన్నేమీ అడగలేదు,
మేకలా గోడెక్కి
అలవాటు కొద్దీ పాత నంబరే నొక్కాడు.
ఆ నంబరును శుక్రవారం సాయంత్రం మూసెయ్యమని యజమాని రాసిచ్చాడు.
నేను మరిచిపోయాను.
మరిచిపోయానని రేపు ఆయనకు చెబుతాను.

రెండో మోతకే ఎత్తింది.
శనివారం ఆఫీసులో ఆమెకేం పనో ఎవరూ అడగలేదు.
గాలికి ఎర్మీనియు మాట సగమే వెళ్లింది.
"పడమటిది కదూ" అంది దియొలిండా.
"ఇంకో రాయి పైకి ఎక్కు."